కుక్కతో, టీనేజ్ పిల్లలతో ఫ్రాన్స్‌లో టెంట్: తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన కుటుంబాలు వేసవి సెలవుల్లో కారు తీసుకుని ఫ్రాన్స్ వెళ్లాలనుకుంటే ముందు క్యాంప్‌సైట్ వెతుకుతాయి, తర్వాత వీసా, చివర్లో కుక్క సంగతి చూస్తాయి. ఈ వరసను తిరగేయాలి. బుకింగ్ మార్చుకోవచ్చు, టికెట్ మార్చుకోవచ్చు. కుక్కకు టీకా వేసిన తేదీని మాత్రం ఎవరూ మార్చలేరు.

కుక్కకు ముందు చర్మం కింద పెట్టే మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ లేకుండా వేసిన టీకా ప్రయాణానికి లెక్కలోకి రాదు. టీకా నాటికి పన్నెండు వారాల వయసు నిండాలి, టీకా తర్వాత 21 రోజులు ఆగాలి. బూస్టర్ గడువు ఒక్కరోజు దాటినా మళ్లీ మొదటి టీకా కిందే లెక్క, మళ్లీ 21 రోజులు. అందుకే మార్చిలోనే టీకా కార్డు తీసి గడువు తేదీ చూడండి.

బ్రిటన్‌లో ఇచ్చిన పాత పెట్ పాస్‌పోర్టులు 2021 జనవరి నుంచి యూరప్‌లో చెల్లవు. ఇప్పుడు కావాల్సింది యానిమల్ హెల్త్ సర్టిఫికెట్. యూరప్‌లో అడుగుపెట్టే ముందు పది రోజుల లోపే దాన్ని రాయించాలి, ప్రతి ప్రయాణానికీ కొత్తది. అధికారిక అనుమతి ఉన్న వెట్ (పశువైద్యుడు) మాత్రమే ఇవ్వగలరు. జులై ఆఖరి వారంలో స్కూళ్లకు సెలవులిచ్చాక ఆ అపాయింట్‌మెంట్లు దొరకవు, మే నెలలోనే పెట్టుకోండి. కాగితం చేతికొచ్చాక చిప్ నంబర్‌లో అంకెలన్నీ ఒక్కొక్కటిగా సరిచూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఫ్రాన్స్‌లో దిగే రేవు కలేలో ఆపేస్తారు.

ఎక్కువమంది చిక్కుకునేది మాత్రం తిరుగు ప్రయాణంలో. బ్రిటన్‌లోకి అడుగుపెట్టడానికి 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా బద్దె పురుగుల మందు పడాలి. అందులో ప్రాజిక్వాంటెల్ ఉండాలి. మాత్ర మీ చేత్తో వేస్తే చెల్లదు, వెట్ వేసి సర్టిఫికెట్‌లో మందు పేరు, తయారీదారు, తేదీ, సమయం రాసి సంతకం, ముద్ర వేయాలి. సమయం రాయడం మరిచిపోతుంటారు, అక్కడే నిలబడి చూసుకోండి. శనివారం మధ్యాహ్నం తిరిగి చేరేటట్టయితే మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా సరిపోతుంది. శుక్రవారం సాయంత్రం వేయిస్తే 24 గంటలు నిండవు. ఆగస్టు 15 ఫ్రాన్స్‌లోనూ సెలవే, ఆ వారంలో తిరిగొస్తుంటే ఇంటి దగ్గర నుంచే క్యాంప్‌సైట్ పక్క ఊరి వెట్‌కు మెయిల్ పెట్టి సమయం ఖాయం చేసుకోండి.

ఇక మనుషుల కాగితాలు. మన ఇళ్లలో తల్లిదండ్రులది ఇండియన్ పాస్‌పోర్ట్, పిల్లలది బ్రిటిష్ పాస్‌పోర్ట్ కావడం మామూలే. అప్పుడు వీసా పెద్దవాళ్లకే. పిల్లలవీ ఇండియన్ పాస్‌పోర్టులే అయితే పన్నెండేళ్లు నిండినవాళ్లకు పెద్దల ఫీజే, 2024 జూన్ నుంచి అది 90 యూరోలు. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. క్యాంప్‌సైట్ పంపే బుకింగ్ కాగితంలో అందరి పేర్లూ, అన్ని రాత్రులూ ఉండేలా అడిగి రాయించుకోండి. దారిలో ఒక రాత్రి ఆగితే ఆ బస కాగితం కూడా జతచేయాలి.

క్యాంప్‌సైట్‌కు రాసేటప్పుడే కుక్క జాతి చెప్పండి. రాట్‌వైలర్ లాంటివాటిని చాలాచోట్ల రానివ్వరు. పిల్లల కోసం అదే స్థలంలో ఇద్దరు పట్టే చిన్న టెంట్ ఇంకోటి వేసుకోవచ్చా అని కూడా అడగండి. పదిహేనేళ్ల పిల్లకు తనదంటూ ఒక జిప్ ఉన్న తలుపు ఉంటే సెలవు మొత్తం వేరుగా నడుస్తుంది, దీనికి పెట్టే డబ్బు దండగ కాదు. మగపిల్లల వదులు ఈత షార్ట్‌లను అక్కడి చాలా స్విమ్మింగ్ పూల్స్‌లో ఒప్పుకోరు, ఒంటికి పట్టేవి కొనండి. కొండల్లో నడవాలనుంటే చోటు ఎంచుకునేముందే చూసుకోండి: వానోయిజ్, ఎక్రాన్ జాతీయ పార్కుల లోపలి భాగంలోకి గొలుసుతో పట్టుకున్నా కుక్కను రానివ్వరు. సెవెన్ (Cévennes) జాతీయ పార్కులో గొలుసుతో రానిస్తారు.

కరెంటు దగ్గర మన వంట తేలిపోతుంది. చాలా సైట్లలో ఇచ్చేది 6 ఆంప్స్, అంటే 230 వోల్టుల మీద 1,380 వాట్లు. ఇంట్లో వాడే కెటిల్ 2,000 వాట్ల పైమాటే, పెట్టగానే ట్రిప్ అవుతుంది. ఆ స్విచ్ ఉండే కరెంటు పెట్టెకు తాళం ఉంటే రాత్రి పదింటికి తీసేవాళ్లు ఉండరు. 500 వాట్ల చిన్న రైస్ కుక్కర్, ఒక చిన్న ఫ్రిజ్ కలిసి హాయిగా నడుస్తాయి. పప్పు, కూరలకు గ్యాస్ పొయ్యి. పాతిక మీటర్ల కేబుల్, యూరప్ రెండు పిన్నుల అడాప్టర్ తప్పనిసరి. మిగిలిన కేబుల్‌ను చుట్టగా వదిలేస్తే వేడెక్కి కరుగుతుంది, మొత్తం విప్పి పరచండి.

తిండి సామానులో నెయ్యి, పెరుగు, పనీర్, కోడి పచ్చడి ఏవీ బ్రిటన్ నుంచి తీసుకెళ్లకూడదు, మాంసం, పాల పదార్థాలు బయటి నుంచి తేవడం యూరప్‌లో నిషేధం. పచ్చి కరివేపాకూ వద్దు. బియ్యం, కందిపప్పు, కారప్పొడులు పట్టుకెళ్లండి, వెన్న అక్కడే కొని కాచుకోండి. కుక్క తిండిలోనూ మాంసం ఉంటుంది కాబట్టి అదీ అక్కడే కొనాలి. వారం ముందు నుంచే ఫ్రాన్స్‌లో దొరికే రకాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేస్తే కడుపు చెడదు. 2025 ఏప్రిల్ నుంచి తిరుగు దారిలో చీజ్ కూడా తేకూడదు.

మధ్యధరా వైపు వెళ్తే ఇసుక ఈగలు కుట్టి కుక్కకు లీష్మానియా అనే జబ్బు రావచ్చు. ఇది మన దగ్గరి కాలా అజార్ కోవకు చెందిందే. డెల్టామెత్రిన్ పట్టీ మెడకు కట్టాక పని మొదలవడానికి సమయం పడుతుంది, రెండు వారాల ముందే కట్టండి. సాయంత్రం నుంచి తెల్లారే దాకా కుక్కను టెంట్ లోపలే పడుకోబెట్టండి.

ఎండాకాలపు గడ్డి వెన్నులు ఇంకో ప్రమాదం. వాటి ముళ్లు ఒకే దిక్కున ఉండటంతో చర్మంలో గుచ్చుకుంటే లోపలికే పోతాయి, వెనక్కి రావు. రోజూ సాయంత్రం వేళ్ల సందులు, చెవులు, చంకలు తడిమి చూసే పని పిల్లలకు అప్పగించండి, పేలు, గోమారులు కూడా అప్పుడే దొరుకుతాయి. కుక్క ఉన్నట్టుండి తల ఒక పక్కకు వాల్చి విదిలిస్తున్నా, ఒకే పాదాన్ని నాకుతున్నా ఆ రోజే వెట్‌కు చూపించండి, తెల్లారేదాకా ఆగొద్దు.