చిన్నాడి మడమ

పడుకుందామని లైటు తీశాక కూడా ఆ మాటే చెవిలో రొద పెడుతోంది. "ఈత మాన్పించేయండి మేడమ్, డిస్ట్రాక్షన్. ఒక్క ఆట మీదే ఫోకస్ ఉండాలి." చిన్నాడి బ్యాడ్మింటన్ కోచ్ అన్నాడిలా. వీడేమో పొద్దున్న మంచం దిగగానే మునివేళ్ళ మీద నడుస్తున్నాడు, మడమ నేలకి ఆనించలేక.

డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. ఎదిగే పిల్లల్లో మడమ ఎముక వెనకభాగం ఇంకా పూర్తిగా గట్టిపడదట. గెంతినప్పుడల్లా పిక్క కండరం దాన్ని లాగుతుందట. రోజూ అదే గెంతు, అదే లాగుడు అయితే నొప్పి రాదూ? ఆ మడమకి కాస్త తెరిపి దొరికేది నీళ్ళలోనే. సరిగ్గా ఆ ఈతనే మానేయమంటాడు కోచ్! నొప్పి సంగతి చెబితే "అలవాటైపోతుంది" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఎదిగే ఎముకకి అలవాటేమిటి?

మన బెజవాడ పిల్ల జ్యోతి సురేఖ విల్లు పట్టకముందు కృష్ణలో ఈదింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. మిథాలీ రాజ్ చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకుంది, 1999 నుంచి 2022 దాకా దేశానికి క్రికెట్ ఆడింది. ఇదంతా కోచ్‌కి వాట్సాప్‌లో టైపు చేశాను కూడా. పంపలేదు.

సింధు గుర్తొచ్చింది మరి. ఎనిమిదేళ్ళకే రాకెట్ పట్టింది, ఇక వదల్లేదు. 2016లో రియోలో రజతం, తర్వాత టోక్యోలో కాంస్యం. 2022లో ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి ఎముక చిట్లడం) అయి నెలల తరబడి ఆగిపోయినా మళ్ళీ కోర్టులోకి వచ్చింది. ఒక్క ఆటే ఆడితే త్వరగా అరిగిపోతారని ఏ నోటితో అనను?

ఉన్నట్టుండి మా హైస్కూలు పీఈటీ మాస్టారు కళ్ళముందుకొచ్చారు. మా ఆడపిల్లలకి ఉన్న సామానల్లా టెన్నికాయిట్ రింగే. ఆ ఒక్క ఆటలోనే రోజుకో రకం చేయించేవారాయన. ఒకరోజు ఎడమ చేత్తో పట్టుకుంటేనే పాయింటు. ఇంకోరోజు నెట్ బాగా పైకి కట్టేసేవారు. మధ్యలో వేపచెట్టుకి కట్టిన తాడు పట్టుకుని పైకి పాకించేవారు. పీచు గుచ్చుకుని అరచేతులు మండిపోయేవి, ఇంటికెళ్తే అమ్మ కొబ్బరినూనె రాసేది. భుజం నొప్పనో మోకాలు నొప్పనో ఆట మానేసిన పిల్ల ఒక్కర్తీ గుర్తు రావడం లేదు. ఆయన సంగతి చెప్పాలంటే, రిటైరయ్యే ఏడు కూడా టెన్త్ అబ్బాయిలతో దిగి వాలీబాల్ సర్వీసు వేసేవారు. బంతి వెనక గీత మీదే పడేది.

అందుకే, ఒక్క ఆట అన్నందుకు కోచ్ మీద ఇప్పుడంత కోపం లేదు. ఆ ఒక్క ఆటనీ స్మాష్‌లకి కుదించేశాడే, అది నా బాధ. బుట్టెడు షటిల్ కాక్‌లు తెచ్చి, అన్నీ గెంతి కొట్టడమే. రోజూ అదే కాలు, అదే మడమ.

ఇవాళ ఈత నుంచి వచ్చి మెట్లు మామూలుగానే ఎక్కాడు నా బంగారం.

"కోచ్‌తో గొడవ పెట్టుకోకు" అంటున్నారు ఈయన. గొడవేం కాదు. నొప్పి తగ్గేదాకా గెంతులు ఆపి, నెట్ దగ్గర మెల్లగా వదిలే డ్రాప్‌లూ, నిలబడి సర్వీసులూ చేయించమని రేపు సాయంత్రం అడుగుతాను. ఈత మాత్రం మానడు. కుదరదంటే వేరే అకాడమీ చూస్తాను.