వరలో రెల్లు

ఉద్యోగం గుంటూరులో, ఇల్లు బెజవాడ సింగ్‌నగర్‌లో. రోజూ రైల్లో వెళ్ళొస్తాను. కృష్ణ మీద వంతెన రాగానే పెట్టెలో సగం మంది చిల్లర విసిరి దణ్ణం పెట్టుకుంటారు, మిగతా సగం ఫోన్లోంచి తలెత్తరు. నేను ఇసుక తిన్నెలు చూస్తూ కూర్చుంటాను. వానలు వెనకపట్టి దసరా దగ్గరపడేసరికి అక్కడ రెల్లు వెన్ను తీస్తుంది. మొదట్లో లేత గులాబీ జీర, వారం తిరిగేసరికి వెండి, ఆ తర్వాత తెలుపు. 2021 దసరా రోజుల్లో ఒక సాయంత్రం ఎదురెండలో ఆ తెలుపు చూసి, ఇది మన పెరట్లో ఎందుకు ఉండకూడదు అనిపించింది.

ఇంటికెళ్ళి చెప్తే మా ఆవిడ, "ఏంటి, పాక వేస్తున్నారా?" అంది. తప్పులేదు. మనకి రెల్లంటే పాక మీద కప్పు. పూల మొక్కల లెక్కలోకి దాన్నెవరూ తీసుకోరు. అమ్మ మాత్రం నా పక్షాన నిలబడింది. సుబ్రహ్మణ్యస్వామి రెల్లు పొదలో పుట్టాడు, శరవణభవుడంటే అదే కదా, ఇంట్లో ఉంటే మంచిదే అని ఆవిడ వాదన. పాములొస్తాయేమోనని పక్కింటివాళ్ళ భయం. ఆ భయం నాకూ కాస్త ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు నర్సరీకే వెళ్ళాను. రెల్లు కావాలంటే అతను నవ్వి, "రెల్లెవరు కొంటారు సార్, పంపాస్ ఉంది, తీసుకోండి" అన్నాడు. కుండీలో కుచ్చుగా బాగానే ఉంది. కానీ అది ఆర్జెంటీనా, బ్రెజిల్ వైపు గడ్డి. మన ఏట్లో ఊరికే పెరిగేదాన్ని వదిలేసి, దాని దూరపు చుట్టాన్ని డబ్బులిచ్చి తెచ్చుకోవడానికి మనసొప్పలేదు.

ఆ ఆదివారమే గడ్డపలుగు పట్టుకుని సీతానగరం వైపు ఏట్లోకి దిగాను. నిండా వెన్నులతో ఉన్న దుబ్బునొకదాన్ని తవ్వి, గోనెసంచిలో చుట్టి, స్కూటర్ ముందు పెట్టుకుని తెచ్చాను. ఆ పూట చేతుల నిండా సన్నటి గీతలే. రెల్లాకు అంచు చూడ్డానికి మెత్తగా ఉంటుంది, ఎదురు దువ్వితే రంపమే. అంత కష్టపడి నాటితే పదిరోజుల్లో ఎండి వరిగడ్డయింది.

తోట్లవల్లూరు దగ్గర లంకలో మా బాబాయి వ్యవసాయం. పసుపు, కంద, అరటి వేస్తాడు. ఒకప్పుడు ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు కూడా తోలాడు. ఫోన్లో సంగతంతా విని కాసేపు మాట్లాడలేదు. నవ్వుతున్నాడని తర్వాత తెలిసింది.

"ఒరేయ్, దీన్ని పీకలేక మేం చస్తుంటే నువ్వు నాటుకుంటావా? పోనీ నాటావు, పూతకొచ్చినదాన్ని పీకి నాటుతాడట్రా ఎవడైనా? చెరుకైతే అట్టా చేస్తావా?"

ఆ చెరుకు మాటతోనే నాకు దారి దొరికింది. రెల్లు, చెరుకు ఒకే కులం గడ్డి. చెరుకు రోగాలకి తట్టుకోలేక, నీటి ఎద్దడికి ఆగలేక ఇబ్బంది పడుతున్న కాలంలో, 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం పెట్టారు. అక్కడ బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు తీపి చెరుకుని ఈ అడవి రెల్లుతో కలిపి తీసిన కో 205 రకం 1918లో రైతుల చేతికొచ్చింది. ఇవాళ మనం తాగే చెరుకురసంలోనూ రెల్లు రక్తం ఎంతో కొంత ఉంటుంది. తీపి చెరుకుది, మొండితనం రెల్లుది.

కాబట్టి చెరుకులాగే ముచ్చెలు కోసి నాటాలి, అదీ తొలకరి పడ్డాక. 2022 జులైలో, పునర్వసు కార్తెలో బాబాయి ముచ్చెలు పంపాడు. నేల లోపల పాకే కాండం ముక్కలు, ఒక్కో దానికి రెండు మూడు కణుపులు, తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. కూడా ఒక షరతు: "బావి వరలో తప్ప నాటొద్దు. ఒక్క కణుపు బయటికి పోయిందా, ఇల్లు నీది కాదు, దానిది."

అది అతిశయోక్తి అనుకున్నాను. కాదని ఇప్పుడు తెలుసు. ఈ గడ్డి పరాయి దేశం వెళ్ళినచోట పెద్ద తలనొప్పే అయింది. పనామా కాలువ చుట్టుపక్కల అడవి కొట్టేసిన నేలంతా ఆక్రమించేసింది. అమెరికా వాళ్ళయితే దీన్ని ప్రమాదకరమైన కలుపుల జాబితాలో పెట్టారు. ఏటా వరదొచ్చి కోసుకుపోయే ఇసుకని పట్టి ఉంచే మొక్క మరి, దానికి ఆపాటి పట్టు లేకపోతే ఎలా?

సిమెంటు వర తెచ్చాం. మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. తూర్పు గోడకి నాలుగడుగులు ఇవతల, పొద్దంతా ఎండ పడేచోట గొయ్యి తీసి, నాలుగంగుళాలు పైకి కనబడేలా దించాం. మాది నల్లమట్టి. వానొస్తే బంక, ఎండొస్తే బీటలు. వీధిలో ఇల్లు కడుతున్నవాళ్ళ దగ్గర మిగిలిన ఇసుక అడిగి తెచ్చి, రెండు పాళ్ళు ఇసుక, ఒక పాలు మట్టి, రెండు దోసిళ్ళు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాను. ముచ్చెలు అడ్డంగా పరిచి రెండంగుళాల మట్టి కప్పాను. మొదటి నెల రోజు విడిచి రోజు తడి. మూడో వారంలో పచ్చటి సూదులు లేచాయి. ఆకు మధ్య ఈనె తెల్లగా ఉంటుంది, గడ్డి జాతుల్లో దీన్ని పోల్చుకోవడానికి అదొక గుర్తు.

తర్వాత చేయాల్సింది చాలా తక్కువ, అదే నాకు చేతకాలేదు. గులాబీలకి వేసినట్టు దీనికీ ఒక గుప్పెడు యూరియా వేశాను. ఏపుగా ఎదిగి, మొదటి గాలివానకే మొత్తం దుబ్బు వాలి దండెం మీద బట్టల్లో పడింది. ఆ ఏడు వెన్నులు రెండంటే రెండు. ఎరువు మానేశాను. నీళ్ళు కూడా వేసవిలో వారానికోసారి మాత్రమే.

2023లో అసలు పూత వచ్చింది. దుబ్బు నా తల దాటింది, ముప్పైకి పైగా వెన్నులు. పొద్దున ఏడింటికి తూరుపెండ వాటి వెనకనుంచి వస్తుంటే కాఫీ చల్లారిపోయేది. అన్నేళ్ళు రైలు కిటికీలోంచి అరనిమిషం చూసినదాన్ని పీట వేసుకుని కూర్చుని చూశాను. పాకా అని ఎగతాళి చేసిన మా ఆవిడే వాళ్ళ అక్కయ్యకి వీడియో కాల్‌లో చూపించింది.

పదిరోజుల తర్వాత దూది లేవడం మొదలైంది. ఒక్కో గింజకీ చుట్టూ పట్టుకుచ్చు, గాలి ఊదితే చాలు. పక్కింటావిడ ఆరేసిన మినప వడియాల నిండా అదే. క్షమాపణ చెప్పి, ఆ సాయంత్రమే వెన్నులన్నీ కోసేశాను. ఇప్పుడైతే దూది విచ్చకముందే, వెండిరంగులో ఉండగానే కోసి, తలకిందులుగా నీడన ఆరబెట్టి ఇత్తడి బిందెలో పెడుతున్నాం. నేల మీద ఒక వారం తక్కువ, ఇంట్లో ఏడాది ఎక్కువ.

పాముల సంగతి. మిగతా ఏడాది ఎలా ఉన్నా, సంక్రాంతి ముందు దుబ్బుని నేల నుంచి జానెడు ఎత్తుకి కోసేస్తాను. పొడుగు చేతుల చొక్కా, తోలు తొడుగులు, పదునైన కొడవలి. కోయకుండా వదిలేస్తే లోపల ఎండాకు పేరుకుని ఎలుకలు చేరతాయి, ఎలుకల వెంట పాములు. కోసిన మోపు భోగిమంటలోకి. భగ్గుమని లేచి, పిల్లలు కేక పెట్టేలోపే అయిపోతుంది. దుబ్బు దగ్గర మంట మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

2024 భోగి ముందు అలా కోశాకే అసలు విషయం బయటపడింది. వరకి ఐదడుగుల దూరంలో, బట్టలుతికే బండ పక్క పగులులో ఒక పచ్చటి సూది. లాగితే తెగింది. తవ్వాను. పెన్సిలంత లావు తెల్లటి కాండం, కొస మొనదేలి, బండ కిందినుంచి వరవైపే వెళ్తోంది. వర అంచు కిందికి దిగి, మళ్ళీ పైకొచ్చింది. ఒక వర అన్నావా రెండన్నావా అని బాబాయిని అడిగితే, "వర అన్నాను, లోతు నీకు తెలుసనుకున్నా" అన్నాడు. ఇద్దరు కూలీలతో రోజంతా పట్టింది. దుబ్బుని పైకి తీసి, నాలుగు ముక్కలు చేసి మూడు పారేసి, గొయ్యి మూడడుగులకి దించి, ఒకదానిమీద ఒకటి రెండు వరలు పెట్టి అతుకు సిమెంటుతో పూయించాను. అడుగు మాత్రం తెరిచే ఉంచాం, నీరు దిగాలి కదా.

ఆ సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊరి మీదికి వచ్చింది. మా వీధిలో ఛాతీ లోతు నీళ్ళు. పడవలో బయటికొచ్చి గుడివాడలో మా బావమరిది ఇంట్లో తలదాచుకున్నాం. తొమ్మిది రోజుల తర్వాత తిరిగొస్తే ఫ్రిజ్ వంటింట్లోంచి హాల్లోకొచ్చి బోర్లాపడి ఉంది. పెరట్లో జానెడు బురద. గులాబీలు, సన్నజాజి, పదిహేనేళ్ళ కరివేపాకు అన్నీ పోయాయి. కరివేపాకు దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. రెల్లు సంగతి ఆ రోజు ఎవరం పట్టించుకోలేదు. ఇల్లు కడుక్కోవడానికే నెల పట్టింది. బురద పట్టిన ఆకులు ఎండి వాలిపోతే పోయిందనే అనుకున్నాను. అక్టోబరులో దుబ్బు మధ్యనుంచి కొత్తాకు, నెలాఖరుకి పదకొండు వెన్నులు. ఏట్లో ఏటా వరదలో మునిగి లేచేదానికి ఇదేం కొత్త కాదని నాకు ముందే తట్టి ఉండాల్సింది.

ఇప్పుడు కరివేపాకు కొత్తది వేశాం, నడుం ఎత్తుకొచ్చింది. పక్కింటావిడ రెల్లు పిలక అడిగారు, ముందు రెండు వరలు దింపించుకుంటే ఇస్తానన్నాను. బండ కింద తెగి మిగిలిపోయిన ముక్క ఇంకా బతికే ఉంది. మొన్న ఆదివారం కూడా ఒక సూది పీకాను.