పక్క డొమైన్ వాళ్లకు ఒక్క ఫోల్డరే: సాంబా సర్వర్, మూడో వారాంతం

టెస్ట్ ల్యాబ్‌లో తూర్పు, పడమర అని రెండు విండోస్ డొమైన్లు (యూజర్ ఖాతాలను ఒకే చోట నుంచి నడిపే నెట్‌వర్క్‌లు) నడుపుతున్నాను. సాంబా (లినక్స్ ఫోల్డర్లను విండోస్ వాళ్లకు పంచే సాఫ్ట్‌వేర్) ఫైల్ సర్వర్ తూర్పులో చేరి ఉంది. తూర్పు పడమరను నమ్మేలా, అంటే పడమర ఖాతాలను ఒప్పుకునేలా, ట్రస్ట్ పెట్టడం పోయిన వారమే అయింది. ఇప్పుడు కావలసిందల్లా పడమర యూజర్లలో ముగ్గురికి మాత్రం డ్రాయింగ్స్ ఫోల్డర్ కనబడాలి, అదీ చదవడానికే.

శనివారం ముందుగా సాంబాలో 'అలౌ ట్రస్టెడ్ డొమైన్స్' (నమ్మిన డొమైన్లను రానివ్వాలా) అనే సెట్టింగ్‌కి 'నో' ఇచ్చి చూశాను. ఆ ముగ్గురితో సహా పడమర మొత్తం ఆగిపోయింది. మనిషిని చూసి ఆపే సెట్టింగ్ కాదది. వెనక్కి మార్చేశాను.

అసలు చిక్కు ఐడీల దగ్గర, అంటే ఒక్కో విండోస్ ఖాతాకు సాంబా ఇచ్చే లినక్స్ నంబర్ల దగ్గర. టెస్ట్1 అనే ఖాతా రెండు చోట్లా ఉంది, రెండింటి ఆర్‌ఐడీ (డొమైన్ లోపల ఖాతాకు ఉండే నంబర్) 1104. తూర్పుకు రిడ్ పద్ధతిలో (రేంజ్ మొదటి నంబర్‌కు ఆర్‌ఐడీని కలపడం) 10000 నుంచి 99999 దాకా రేంజ్ ఇచ్చాను కాబట్టి అక్కడి టెస్ట్1కి 11104 వచ్చింది. పడమరకు ఏ లైనూ రాయలేదు. దాంతో పడమర టెస్ట్1 విడిగా లైను లేని వాళ్లందరూ చేరే డిఫాల్ట్ రేంజ్‌లో పడి 3004 అయ్యాడు. అక్కడ నంబర్లు ముందొచ్చిన వాళ్లకు ముందు. ఇంకో సర్వర్‌లో అదే మనిషికి వేరే నంబర్ పడుతుంది, ఫైళ్లు తారుమారవుతాయి. పడమరకూ రిడ్ పద్ధతిలోనే 100000 నుంచి 199999 విడిగా ఇచ్చి, క్యాష్ ఖాళీ చేసి, విన్‌బైండ్ (ఈ నంబర్లిచ్చే సాంబా భాగం) రీస్టార్ట్ చేశాక 101104 కనబడింది. 3004 పేరు మీద ఉన్న ఫైళ్లను వెతికి ఓనర్‌ని మార్చడానికి సాయంత్రమంతా పట్టింది. ఫైళ్లు చేరకముందే రేంజ్‌లు తేల్చుకోండి.

ఆదివారం గ్రూపుల పని. విండోస్‌లో గ్లోబల్ రకం గ్రూపులో పక్క డొమైన్ వాళ్లు చేరరు, డొమైన్ లోకల్ రకంలో చేరతారు. అందుకే తూర్పులో డొమైన్ లోకల్ గ్రూపు చేసి ముగ్గురినీ వేశాను. సాంబా సెట్టింగుల్లో అన్ని షేర్లకూ వర్తించే గ్లోబల్ సెక్షన్‌లో 'వ్యాలిడ్ యూజర్స్'గా (లోపలికి రావచ్చనే జాబితా) తూర్పు వాళ్లనే పెట్టాను. డ్రాయింగ్స్ షేర్‌లో మాత్రం వాళ్లతో పాటు ఈ గ్రూపు, 'రీడ్ లిస్ట్'లోనూ (చదవడానికి మాత్రమే వీలున్న జాబితా) ఈ గ్రూపే.

తర్వాత ఒకరిని గ్రూపు నుంచి తీసేశాను. ఫోల్డర్ ఇంకా తెరుచుకుంటూనే ఉంది! ఎస్‌ఎంబీస్టేటస్‌లో (ఎవరు కనెక్ట్ అయి ఉన్నారో చూపే కమాండ్) చూసి అతని కనెక్షన్ నడిపే ప్రాసెస్‌ని ఆపాను, క్షణంలో మళ్లీ లోపలికి వచ్చాడు. అతని దగ్గరున్న కెర్బెరాస్ టికెట్‌లో (లాగిన్ అయినట్టు డొమైన్ ఇచ్చే రుజువు) పాత గ్రూపులే ఉన్నాయి, దాని ఆయుష్షు మామూలుగా 10 గంటలు. అప్పుడు 'ఇన్‌వ్యాలిడ్ యూజర్స్'లో (రానివ్వకూడని జాబితా) అతని పేరు డొమైన్‌తో సహా రాసి, రీలోడ్ చేసి, ప్రాసెస్‌ని మళ్లీ ఆపాను. ఈసారి యాక్సెస్ డినైడ్. మర్నాడు టికెట్ గడువు అయిపోయాక ఆ పేరు తీసేసి చూశాను, అయినా ఫోల్డర్ తెరుచుకోలేదు.