బాపు ఛాతీలో మెరిసిన గ్రంథులు

చురుగ్గా ఉన్న కణాలు వెలుగుతూ కనిపించే పెట్ స్కాన్‌లో బాపు ఛాతీ మధ్య లింఫ్ గ్రంథులు మెరిశాయని తెలిసిన రాత్రి, ఊపిరితిత్తిలోని క్యాన్సర్ అక్కడిదాకా పాకిందనుకొని హనుమకొండ ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు. క్షయ ఉన్నా అవి అలాగే మెరుస్తాయని, సూదితో నమూనా తీసి చూడనిదే క్యాన్సర్ ఏ దశలో ఉందో తేల్చకూడదని డాక్టరు గారు చెప్పారు. మత్తిచ్చి, చివర అల్ట్రాసౌండ్ ఉన్న సన్నని గొట్టాన్ని నోటి గుండా శ్వాసనాళంలోకి దింపి (దీన్నే ఈబస్ అంటున్నారు), గోడ అవతలి గ్రంథులను తెరపై చూస్తూ గుచ్చారు. ముందు కణితి లేని వైపువి, ఆ తర్వాతే కణితి ఉన్న వైపువి; లేకుంటే సూదికి అంటిన క్యాన్సర్ కణాలు అటు నమూనాలో చేరితే దశ లేనిపోనిదిగా పెరిగి, ఆపరేషన్ అవకాశమే చేజారవచ్చు. ఈ వరుస గురించి అడగాలని నాకు తోచనే లేదు. బృహద్ధమని పక్కనున్న గ్రంథులు (డాక్టర్ల లెక్కలో 5, 6 నంబరు స్థానాలు) మాత్రం ఈ పద్ధతికి సాధారణంగా అందవట. సాయంత్రం గరగరలాడే గొంతుతోనే బాపు చాయ్ అడిగారు. తీసిన గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు లేవని, క్షయ గుర్తులే ఉన్నాయని నిన్న రిపోర్టు వచ్చింది.