కోనసీమ ఉక్కలో కలర్ ఫిల్మ్

కొడాక్ గోల్డ్ 200 రోల్‌ని ఫ్రిజ్‌లోంచి తీయగానే డబ్బా మూత తెరవకండి. అమలాపురం ఉక్కకి చల్లటి ఫిల్మ్ మీద చెమ్మ పట్టి ఎమల్షన్ (ఫిల్మ్ మీది రసాయన పూత) పాడవుతుంది. రెండు గంటలు బయట ఉంచాకే కెమెరాలో ఎక్కించండి.

కొబ్బరితోటలో వెలుగు కొలిచే మీటర్ ఇట్టే మోసపోతుంది. ఆకుల సందుల్లోంచి పడే ఆకాశపు వెలుగు చూసి ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడే వెలుగు) తగ్గించేస్తుంది. నెగెటివ్ పలచబడి నీడలన్నీ బురదరంగులోకి తిరుగుతాయి, గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకుతనం) లేస్తుంది. స్కానింగ్‌లో ఎంత లాగినా నీడల్లోని వివరం రాదు. అందుకే ఫిల్మ్ 200దే అయినా మీటర్‌లో ఐఎస్ఓ (ఫిల్మ్ వేగం) 100 పెట్టి, నీడకే మీటర్ చూడండి; వెలుగు ఎక్కువ అందుతుంది. ఒకటి రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) ఎక్కువైనా ఈ ఫిల్మ్ హాయిగా తట్టుకుంటుంది.

తీసేసిన రోల్‌ని మాత్రం బీరువాలో మగ్గబెట్టకండి, రంగులు జారిపోతాయి. ఇంట్లో కడిగితే సీ-41 (కలర్ నెగెటివ్ కడిగే పద్ధతి) డెవలపర్ 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. అర డిగ్రీ తేడా వచ్చినా రంగుల తూకం తప్పుతుంది.