తెల్లవారుజామున వేడెక్కిన ఫర్నేస్

ఉదయం 9:12కి ఆన్ చేసిన ఫర్నేస్ గ్రాఫ్‌లో మాత్రం 3:42కే వేడెక్కడం మొదలుపెట్టింది. ఆ టైమ్‌కి ల్యాబ్‌కి తాళం వేసి ఉంది!

తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. అది చూడగానే సగం టెన్షన్ తగ్గింది. ఉష్ణోగ్రతను టైమ్‌తో సహా ఫైల్‌లో రాసే పరికరం (లాగర్) యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాస్తోంది. ఆ ఫైల్ చదివి గ్రాఫ్ గీసే ల్యాబ్‌వ్యూ సాఫ్ట్‌వేర్ దాన్ని మన టైమ్ అనుకుని చదువుతోంది.

ల్యాబ్‌వ్యూలో టెక్స్ట్‌ని టైమ్‌గా మార్చే స్కాన్ ఫ్రమ్ స్ట్రింగ్ అనే ఫంక్షన్‌కి ఇచ్చే ఫార్మాట్‌లో % పక్కన ఒక్క ^ గుర్తు పెడితే చాలు, ఆ టెక్స్ట్‌ని యూటీసీగానే తీసుకుంటుంది. పెట్టాం. గ్రాఫ్ మొత్తం జరిగి 9:12 దగ్గరకొచ్చింది.

ఇలాంటప్పుడు చాలామంది వచ్చిన టైమ్‌కి 19,800 సెకన్లు, అంటే ఆ ఐదున్నర గంటలు కలిపేసి ఊరుకుంటారు. నాకది అస్సలు నచ్చదు. రేపు అదే ప్రోగ్రామ్ వేరే టైమ్ జోన్‌లో ఉన్న కంప్యూటర్ మీద నడిస్తే లెక్క మళ్లీ తప్పుతుంది.

అన్నట్టు, ల్యాబ్‌వ్యూ సెకన్లను 1904 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు వాడే యూనిక్స్ లెక్క 1970 జనవరి 1 నుంచి. మధ్యలో 2,08,28,44,800 సెకన్లు. డేటాని పైథాన్‌కి పంపేవాళ్లు ల్యాబ్‌వ్యూ సెకన్లలోంచి ఇన్ని తీసేయాల్సిందే.

ఇంకోటి. 04-08 అంటే ఆగస్టు 4నో, ఏప్రిల్ 8నో ఆ టెక్స్ట్ చెప్పదు కదా. ఫైల్ రాసేటప్పుడే ఏడాది, నెల, రోజు వరసలో రాసి, పక్కన టైమ్ జోన్ కూడా పెడితే చదివేవాళ్లకు ఎంత మేలో! మా లాగర్‌లో రేపే ఆ మార్పు చేయిస్తున్నాం.