చేతి ఇంప్లాంట్ పెట్టించుకునే ముందు నెలసరి సంగతి మాట్లాడండి

మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఇప్పటికీ ఆపరేషనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైన ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. అందులో చాలామందికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ వయసులో వెనక్కి తీసుకోలేని నిర్ణయం చేయకుండా, అంతే గట్టి రక్షణ ఇచ్చే పద్ధతి చేతి ఇంప్లాంట్, అంటే పైచేతి చర్మం కింద పెట్టే చిన్న హార్మోన్ కడ్డీ. 2023లో కేంద్రం దీన్ని ఎంపిక చేసిన రాష్ట్రాల్లో, కొన్ని జిల్లాల్లో ప్రభుత్వ కార్యక్రమంలోకి తెచ్చింది. అన్నిచోట్లా దొరకదు కాబట్టి మీ జిల్లా ఆసుపత్రిలో ముందు కనుక్కోండి.

ఆ కార్యక్రమంలో వాడేది ఒకే కడ్డీ. పొడవు 4 సెంటీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు, లోపల 68 మి.గ్రా. ఎటోనోజెస్ట్రెల్ హార్మోన్. మొదటి వారాల్లో రోజుకు 60–70 మైక్రోగ్రాములు విడుదలై, మూడో ఏడు చివరికి 25–30కి తగ్గుతుంది. అండం విడుదల కాకుండా ఆపడానికి అదీ సరిపోతుంది. పైగా గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు. వెయ్యిమంది ఏడాదిపాటు వాడితే గర్భం వచ్చేది సుమారు ఒక్కరికి. ట్యూబెక్టమీకి ఆ లెక్క ఐదుగురు. రోజూ మాత్ర మింగేవాళ్లలో, మరిచిపోవడాలు కూడా కలుపుకుంటే, 70 మంది దాకా. మామూలు గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్ హార్మోన్ ఇందులో లేదు కాబట్టి పాలిచ్చే తల్లికి కాన్పయిన వెంటనే కూడా పెట్టవచ్చు. సుఖవ్యాధుల నుంచి మాత్రం ఇది కాపాడదు, దానికి కండోమ్ కావాల్సిందే.

ఇక అసలు విషయం. ఇంప్లాంట్‌ను గడువుకు ముందే తీయించుకునేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం రక్తస్రావం. హార్మోన్ వల్ల గర్భాశయం లోపలి పొర పలచబడి, అందులోని సన్నని రక్తనాళాలు పెళుసుబారతాయి. అందుకే నెలసరి లెక్క తప్పుతుంది. ఐదుగురిలో ఒకరికి పూర్తిగా ఆగిపోతుంది, ముగ్గురిలో ఒకరికి అరుదుగా కనిపిస్తుంది, మళ్లీ ఐదుగురిలో ఒకరికి దగ్గరదగ్గర రెండు వారాలో అంతకు మించో మరకలు పడుతూనే ఉంటాయి. ముట్టు పాటించే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పూజగదిలోకి వెళ్లవచ్చా, వ్రతానికి కూర్చోవచ్చా అన్న ప్రశ్న రోజూ ఎదురవుతుంది. ముందే చెప్పి ఉంటే ఆమె దానికి సిద్ధపడుతుంది, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుంటుంది. చెప్పకపోతే మూడో నెలలో భయపడి తీయించేసుకుంటుంది. ఆగిపోయిన నెలసరి గురించీ అంతే: చెడు రక్తం లోపల పేరుకుపోవడం ఏమీ ఉండదు, పొరే పెరగలేదు కాబట్టి రాలడానికి ఏమీ లేదు.

మరకలు ఇబ్బంది పెడితే డాక్టరు ఐదు నుంచి ఏడు రోజులు ఐబుప్రోఫెన్ లేదా మెఫెనమిక్ యాసిడ్ ఇస్తారు. ఈస్ట్రోజన్ పడేవాళ్లకు కొద్దికాలం గర్భనిరోధక మాత్రలు కలుపుతారు. మందు ఆపాక మళ్లీ మొదలవ్వచ్చు. మొదటి మూడు నెలల తీరు చూస్తే తర్వాత ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. ఆ మూడు నెలలూ తక్కువ స్రావమే ఉన్నవాళ్లకు తర్వాతా సాధారణంగా అలాగే ఉంటుంది.

పెట్టడం నిమిషాల పని. ఎక్కువగా వాడని చేతి లోపలివైపు, మోచేతి ఎముక నుంచి 8–10 సెంటీమీటర్లు పైన, కండరాల మధ్య గాడికి 3–5 సెంటీమీటర్లు వెనగ్గా పెడతారు. ఆ గాడిలో పెద్ద రక్తనాళాలు, నరాలు ఉంటాయి కనుక దాన్ని తప్పించాలి. 2 మి.లీ. లిగ్నోకెయిన్‌తో మొద్దుబార్చి, సూదిని చర్మాన్ని పైకెత్తుతూ దానికి సమాంతరంగా తోస్తారు. సూది లోతుకు దిగితే కడ్డీ కండలోకి పోతుంది, తీసేటప్పుడు కష్టాలన్నీ అక్కడినుంచే. అందుకే బల్ల దిగకముందే మీ వేలితో రెండు కొనలూ తడిమి చూసుకోండి. తగలకపోతే అప్పుడే చెప్పండి, అది ఉందని తేలేదాకా కండోమ్ వాడండి. గట్టికట్టు 24 గంటలు, చిన్న పట్టీ 3–5 రోజులు ఉంచాలి. నెలసరి మొదలైన ఐదు రోజుల్లోపు పెడితే రక్షణ వెంటనే, వేరే రోజుల్లో అయితే గర్భం లేదని నిర్ధారించుకుని, ఏడు రోజులు కండోమ్.

టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ కాలేయంలో ఈ హార్మోన్‌ను త్వరగా కరిగించేస్తాయి. ఆ మందులు వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో 28 రోజులూ ఇంప్లాంట్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మన దగ్గర టీబీ ఎంతమందికి ఉందో తెలిసీ ఈ మందులు వాడుతున్నారా అని అడగకుండా కడ్డీ పెట్టడం తప్పు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు, గతంలో వచ్చినవాళ్లకు, కాలేయంలో గడ్డలున్నవాళ్లకు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లకు ఇది వద్దు.

తీయడానికి మోచేతివైపు కొన దగ్గర 2 మిల్లీమీటర్ల గాటు చాలు. అవతలి కొన నొక్కితే ఇది పైకి వస్తుంది, చుట్టూ పట్టిన పొరను చీల్చి బయటికి లాగుతారు. తీసిన కడ్డీ 4 సెంటీమీటర్లు ఉందో లేదో కొలవాలి. చేతికి తగలని కడ్డీ కోసం గుడ్డిగా కోయనివ్వకండి. అందులో బేరియం ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలో కనబడుతుంది, ముందు ఎక్కడుందో తేల్చాలి. తీసిన వారంలోపే రక్తంలో హార్మోన్ పోతుంది, చాలామందికి 3–6 వారాల్లో అండం విడుదలవుతుంది. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే అదే గాటులోంచి అప్పుడే కొత్తది పెట్టించుకోవచ్చు. పెట్టిన తేదీ, ఏ చేతికి, ఎప్పటికల్లా తీయాలి అన్నవి రాసిన కార్డు అడిగి తీసుకుని, ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.